పటిక వేయని కాగితం

అరటి నారతో చేసిన కాగితం నీటికి ఆగదని ఒకప్పుడు నేను చెప్పిన మాట అబద్ధం. ఆగేది. ఆగకుండా చేసింది నేనే. ఆ సంగతి మిల్లు సావుకారికి చెప్పలేదు, మా అమ్మకు చెప్పలేదు. అందరికంటే ముందు ఎవరికి చెప్పాలో ఆ మనిషికి అసలే చెప్పలేదు. నేను చేసిన పనికి ఆయన ఇన్నేళ్ళూ కుంటి కాలుతో నడిచాడు. కాలు పోయిన బాధ కంటే, అవతలి పార్టీకి అమ్ముడుపోయినవాడన్న పేరు ఆయన్ను ఎక్కువగా తినేసింది. ఆ పేరు ఆయనకు ఎట్లా అంటుకుందో ఇప్పుడు రాస్తాను.

మాది పులివెందుల పక్క పల్లె. మా నాయన చీనీ తోట, అంటే బత్తాయి తోట, పెట్టాడు. తోట కాపుకొచ్చిన ఏడు పక్క తోటవాళ్ళతో బోరు నీళ్ళ దగ్గర తగాదా వచ్చింది. ఆ పక్క తోట ఒక పెద్దాయన బామ్మర్దిది. పెద్దాయనది జమ్మలమడుగు వైపు ఊరు, ఆయన మాటంటే ఆ చుట్టుపక్కల పల్లెలకు భయం. బామ్మర్ది కబురు పెట్టాడు, పెద్దాయన మనుషుల్ని పంపాడు. మేము తెల్లవారి తోటకు పోయేసరికి చెట్లన్నీ మోకాటి ఎత్తున నరికి ఉన్నాయి. కాయలు పచ్చివి. వాటిని గోతాల్లో నింపుకుని జీపులో పులివెందుల బజారుకు తెచ్చి, హోటళ్ళ ముందు దొర్లించి నవ్వారు. ఆ నవ్వును మా ఊరివాళ్ళు చూసి వచ్చి మాకు చెప్పారు.

నాయన పోలీసు స్టేషనుకు పోలేదు. నరికిన మొదళ్ళ చుట్టూ పాదులు సరిచేసి నీళ్ళు పెడుతూ పోయాడు. కొన్నాళ్ళకు చిగుళ్ళు వచ్చాయి. అమ్మ సంతోషపడింది. నాయన ఒక ఆకు నలిపి వాసన చూసి పక్కన పడేశాడు. అవి చీనీ చిగుళ్ళు కావు. చీనీ అంటు కట్టడానికి కింద మొదలుగా వాడే జంబేరి నిమ్మవి, ఒళ్ళంతా ముళ్ళు. ఆ ముళ్ళ చెట్లకు కూడా నీళ్ళు పెడుతూనే ఆయన కన్నుమూశాడు.

"నువ్వు కొడవలి పట్టొద్దబ్బయ్యా. సదువుకో. వాళ్ళ మొగాలు సూడని ఊరికి పో," అని అమ్మ నా చేత ఒట్టు వేయించుకుంది. నేను కొడవలి పట్టలేదు. రసాయన శాస్త్రం చదివాను. ఒట్టు తప్పలేదని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను.

ప్రొద్దుటూరుకూ జమ్మలమడుగుకూ నడుమ, పెన్న ఒడ్డున, ఒక చిన్న కాగితం మిల్లు ఉండేది. పేరుకు కాగితం మిల్లే గాని అక్కడ చేసేది పసుపు అట్ట. కాలవ కింద పండే వరి గడ్డిని సున్నంలో ఉడికించి, నలగ్గొట్టి, అట్టలుగా తీసి ఎండబెట్టేవాళ్ళు. మిఠాయి పెట్టెలకూ చీరల పెట్టెలకూ ఆ అట్ట పోయేది. మిల్లు సావుకారి ప్రొద్దుటూరు పత్తి వ్యాపారి. ఆయనకు అట్ట చాలలేదు, అచ్చు వేసే కాగితం చేయాలని కోరిక. నేను ల్యాబులో చేరిన కొత్తలో ఆయనతో అన్నాను, మా పులివెందుల పక్క గెల కోసిన అరటి బోదెలను గట్ల మీద పారేస్తారు, వాటిలో మంచి నార ఉంది, చేసి చూద్దామని.

"బోదెలో నీళ్ళు తప్ప ఏముంటాది నాయనా?" అన్నాడు సావుకారి. అయినా ఒప్పుకున్నాడు.

ఆ పని నన్ను పట్టుకుంది. బోదెను చెరకు గానుగలో వేసి నీళ్ళు పిండేవాళ్ళం. నారను కాస్టిక్ సోడాలో ఉడికించి, కడిగి, బీటర్ తొట్టిలో దంచేవాళ్ళం. మొదట తీసిన గుజ్జు జల్లెడ మీద పోస్తే నీళ్ళు దిగేవి కావు. మజ్జిగన్నం లాగా అట్లనే కూర్చునేది. నార మధ్యలో ఉండే మెత్తటి బెండు నీళ్ళు పట్టేస్తోందని కనుక్కోవడానికే చాలా కాలం పట్టింది. బెండు తీసేసే పద్ధతి చేశాను. జిన్నింగు మిల్లుల దగ్గర ఊడ్చి పారేసే పత్తి పీచు కలిపాను. అప్పుడు కాగితం వచ్చింది, లేత గోధుమ రంగులో, చేతిలో గలగలమంటూ. రెండు చేతులా పట్టి లాగినా చిరగదు. ఆ రోజుల్లో తోట సంగతి నాకు గుర్తుకు రాని పూటలు కూడా ఉండేవి.

ఒక మాట ఇక్కడే చెప్పాలి, లేకపోతే నేను చేసింది అర్థం కాదు. ఏ కాగితమైనా నీళ్ళు తాగుతుంది. తాగకుండా ఉండాలంటే గుజ్జులో రోజిన్ అనే చెట్టు బంకతో చేసిన సబ్బు కలిపి, ఆ మీదట పటిక నీళ్ళు పోయాలి. పటిక పడితేనే రోజిన్ నారకు అంటుకుంటుంది. పటిక వేయకపోతే రోజిన్ నీళ్ళతో పాటు కాలవలోకి పోతుంది, కాగితం నీటికి ఆగదు. కంటికి తేడా కనపడదు. సావుకారి ఇంకు చుక్కలూ కొలతలూ నమ్మేవాడు కాదు. కాగితాన్ని నాలుకకు అంటించి చూసేవాడు. నా అరటి కాగితాన్ని నాకి, "నాలికె జారిపోతాందబ్బీ," అని మురిసిపోయాడు. అంటే పటిక బాగా పట్టిందని.

అప్పుడే మండలం ఎన్నికలు వచ్చాయి. ఫ్యాక్షన్ ముదిరి ఉన్న కాలం. ఏ గోడ మీద ఎవరి పోస్టరు ఉందో చూసి ఆ ఇల్లు ఎవరి వైపో తేల్చేసేవాళ్ళు. ఒక పోస్టరు చిరిగిందంటే ఒక చెంపదెబ్బ కొట్టినట్టే. రాత్రిళ్ళు కాపలాలు పెట్టుకునేవాళ్ళు.

పెద్దాయన మండలానికి నిలబడుతున్నాడు. పోస్టర్ల కాగితం కోసం తానే జీపులో మిల్లుకు వచ్చాడు. జీపు తోలేవాడు ఆయన వెనకే నడిచాడు. బలమైన మనిషి, నవ్వు ఎప్పుడూ పెదాల మీదే ఉండేది. సావుకారి నా కాగితం తెచ్చి పెద్దాయన చేతిలో పెట్టాడు. ఆయన లాగాడు. చిరగలేదు. జీపువాడు లాగాడు. ముఖం ఎర్రబడింది గాని చిరగలేదు.

"ఏంది సావుకారీ, దీంట్లో తోలు కలిపినావా?" అని నవ్వాడు పెద్దాయన. "దీన్ని చింపేటోడు ఇంకా పుట్టల్యా."

"చింపేటోడు పుట్టినా చేతులుండవులే అన్నా," అన్నాడు జీపువాడు.

సావుకారి నన్ను ముందుకు తోశాడు. "ఈ పిల్లోడే చేసింది. శానా తెలివైనోడు."

పెద్దాయన నన్ను కింది నుంచి పై దాకా చూశాడు. "యా ఊరబ్బీ మీది?"

ఊరి పేరు చెప్పాను. గుర్తుపడతాడని, కనీసం కనురెప్ప అయినా కదులుతుందని చూశాను.

"ఆ పక్క చీనీ బాగా కాస్తాదే," అన్నాడు. అని జీపు ఎక్కాడు.

తెలిసి అన్నాడో తెలియక అన్నాడో నాకు ఇప్పటికీ తెలియదు. తెలిసి అంటే పొగరు. తెలియక అంటే మరీ ఘోరం. మా నాయన ప్రాణం తీసిన ఆ నరుకుడు ఆయనకు గుర్తుంచుకోదగ్గ పనిగా కూడా లేదు. ఆ సాయంత్రం బీటర్ తొట్టి దగ్గర నిలబడి నిర్ణయించుకున్నాను. ఆయన ప్రాణం నాకు వద్దు. అది కొడవలి పట్టినవాళ్ళ పని. మా చీనీ కాయలు బజారులో దొర్లినట్టు ఆయన ముఖం గోడల మీద నుంచి జారి దొర్లాలి. జనం చూసి నవ్వాలి. మా అమ్మ ఆ నవ్వు గురించి వినాలి.

ఆయన పోస్టర్ల కాగితానికి పటిక ఆపేశాను. బదులుగా చింతగింజల పిండి రెట్టింపు పోయించాను. ప్రొద్దుటూరు మగ్గాలవాళ్ళు పడుగుకు పట్టించే పిండే అది. ఎండినప్పుడు బిరుసుగా నిలుస్తుంది, తడి తగిలితే జిగురై జారుతుంది. తొట్టి దగ్గర పనిచేసేవాళ్ళకు కొత్త పద్ధతి అన్నాను. సావుకారి నాకడానికి మాత్రం పాత కాగితం ముక్కే ఇచ్చాను. కొత్త కాగితం చేతిలో మునుపటి కంటే ఎక్కువగా గలగలమంది. ప్రొద్దుటూరు ప్రెస్సులో అచ్చయి వచ్చింది. రెండు చేతులూ జోడించి పెద్దాయన నవ్వుతున్నాడు. ఒక పోస్టరు తెచ్చి నా గదిలో పెట్టుకున్నాను. రోజూ దాని మీద వేలితో నీటి చుక్క పెట్టి, ఆ నుదురు ఉబ్బి విడిపోవడం చూసేవాణ్ణి. అన్నం తిన్నంత తృప్తిగా ఉండేది. ఈ మాట రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ అది నిజం.

ఇక వాన రావాలి. మా సీమలో వాన కోసం అంతగా ఎదురుచూసినవాణ్ణి, పంట లేకుండా, నేనొక్కణ్ణే అయి ఉంటాను.

మిల్లుకు దగ్గరి పల్లెలో గొర్రెలూ మేకలూ కాసుకునే ఒకాయన ఉండేవాడు. నేను మామా అని పిలిచేవాణ్ణి. మిల్లు వదిలే నల్ల నీళ్ళు కాలవలో పోతుంటే జీవాలు తాగుతాయని మొదట్లో నాతో తగాదాకు వచ్చాడు. "ఏందప్పా, మీరు కాగితం చేస్తాండారా, కాటుక చేస్తాండారా?" అని అడిగాడు. తర్వాత స్నేహం కుదిరింది. మేక పాల టీ ఇచ్చేవాడు. ఆయన దొడ్డి గోడ సరిగ్గా బస్సు ఆగే మలుపులో ఉండేది. ఆయన పెద్దాయన మనిషి, తాతల నాటి నుంచీ. ఆ గోడ నిండా పోస్టర్లు వరసగా అంటించుకుని, "బస్సు దిగినోడికి మొదట మా పెద్దాయన మొగమే కనపడాల," అని గర్వంగా చెప్పాడు. నేను తలూపాను.

నేను చూడనిది ఒకటుంది. ఆ గోడ మట్టి గోడ. లోపలి వైపు గోడకు ఆనుకుని జీవాలు నీళ్ళు తాగే తొట్టి. గోడంతా ఎప్పుడూ చెమ్మగానే ఉండేది. అంటించిన మైదా తడి ఎండకు ఆరిపోయి రాతి గోడల మీద పోస్టర్లు నిలిచాయి. ఈ గోడ చెమ్మను నా కాగితం తాగేసింది. తెల్లారేసరికి పోస్టర్లన్నీ జారి ముద్దలై కింద పడ్డాయి. చింతగింజల పిండి, అంటించిన మైదా, రెండూ కలిసిన ఆ ముద్దలను దొడ్డి లోంచి వదిలిన మేకలు ఒక్క తునక లేకుండా నాకేశాయి. బస్సు దిగినవాళ్ళకు కనపడింది కడిగినట్టున్న ఖాళీ గోడ.

జీపు వచ్చింది. ఈ కాగితం చేత్తో చిరగదని అప్పటికి జీపువాడు ఊరూరా చెప్పి ఉన్నాడు. చిరగని కాగితం, వాన లేని రోజు, నేల మీద తునక లేదు. అంటే ఎవరో పనిగట్టుకుని నీళ్ళు పోసి గీకి తీసేశారు. ఇంటివాడికి తెలియకుండా ఇంటి గోడ ఎవరు గీకుతారు? వాళ్ళ లెక్క అది. ఆ లెక్కలో తప్పు వెతకడం నాకు తప్ప ఎవరికీ సాధ్యం కాదు.

"అదే జారిపోయిండాదప్పా, నా బిడ్డల మీద ఒట్టు," అన్నాడట మామ.

"కాగితానికి కాళ్ళొచ్చినాయా? యెంతకమ్ముడుపోయినావు చెప్పు," అన్నాడట జీపువాడు. దొడ్డి వాకిలికి అడ్డం పెట్టే కొయ్యతోనే ఆయన కుడి కాలు మోకాటి కింద విరగ్గొట్టారు. సొంత మనిషి ద్రోహం చేశాడని వాళ్ళ కోపం. అవతలి పార్టీవాడైతే అంతగా కొట్టి ఉండరేమో.

ఆ మధ్యాహ్నమే జీపువాడు మిగతా కాగితానికని మిల్లుకు వచ్చాడు. మామ కాలు సంగతి అప్పటికే మాకు తెలిసింది, సావుకారి భయంతో నిలబడి ఉన్నాడు. జీపువాడు నవ్వుతూనే నన్నడిగాడు.

"సార్, సదువుకున్నోళ్ళు. మీరే చెప్పండి. ఈ కాగితం ఊరికే రాలతాదా?"

నా నోట్లో సమాధానం ఉంది. గోడలో చెమ్మ ఉంటే రాలుతుంది అంటే చాలు, మామ మీద నింద పోతుంది. పటిక సంగతి కూడా చెప్పనక్కరలేదు. కానీ చెమ్మకు రాలుతుందని తెలిస్తే మిగతా పోస్టర్లు తీయిస్తారు, వేరే కాగితం తెప్పిస్తారు. నా వాన ఉట్టిదైపోతుంది. అదీ నేను ఆలోచించింది. ప్రాణభయం ఆ తర్వాత వచ్చింది.

"రాలదు," అన్నాను.

"ఇన్నావా సావుకారీ?" అన్నాడు జీపువాడు.

కొద్ది రోజులకు వాన వచ్చింది. నేను జమ్మలమడుగు పోయి బస్టాండు గోడ ఎదురుగా నిలబడ్డాను. ముందు నుదురు ఉబ్బింది. తర్వాత కళ్ళు కిందికి జారాయి. జోడించిన చేతులు విడిపోయాయి. "ఈయప్పకు ఎన్నికల ముందే సలిజొరం పట్టుకునిందే," అన్నాడు ఎవరో. బస్టాండంతా నవ్వింది. నేనూ నవ్వాను. మా నాయనను తలచుకుని నవ్వాను. ఆ రోజు నాకు ఆనందంగా ఉండిందని దాచను.

పెద్దాయన గెలిచాడు. పోస్టర్లు జారితే ఓట్లు జారవు.

మిగతావన్నీ వానకు రాలాయి కదా, మామ గోడవి కూడా అట్లే రాలాయేమో అని ఊళ్ళో ఒకరిద్దరు అన్నారట. "ఆ పొద్దు వాన యాడుండాది?" అన్నాడట జీపువాడు. కొట్టిన తర్వాత మాది పొరపాటు అనే అలవాటు వాళ్ళకు ఎట్లాగూ లేదు. సావుకారి నన్ను పిలిచి ఇదేం కాగితమని నిలదీశాడు. అప్పుడు రెండో అబద్ధం చెప్పాను. "అరటి నార గుణమే అంత, నీటికి ఆగదు." జీపువాడికి రాలదన్న నోటితోనే సావుకారికి ఆగదన్నాను. ఆయన నమ్మి ఆ పని మాన్పించాడు. నేను కష్టపడి నిలబెట్టిన కాగితాన్ని నా నోటితోనే చంపేశాను. పగ తీర్చుకుని నేను నరికినవి రెండు. ఒకటి నా పని, ఇంకొకటి మామ కాలు. పెద్దాయన తోటలో ఒక్క కొమ్మ కూడా కదలలేదు.

మిల్లు కొన్నాళ్ళకు మూతపడింది. నేను ఎర్రగుంట్ల దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీ ల్యాబులో చేరాను. మామ జీవాల్ని అమ్మేసి ఊరు వదిలాడని విన్నాను. సొంత బంధువుల పెళ్ళిళ్ళలో ఆయన్ను పంక్తిలో కూర్చోబెట్టడానికి కూడా వెనకాడేవాళ్ళట. బస్సు ఆ మలుపులో ఆగినప్పుడల్లా నేను అవతలి కిటికీ వైపు చూసేవాణ్ణి.

ఈమధ్య పులివెందులలో కొందరు కుర్రవాళ్ళు అరటి నారతో సంచులూ కాగితమూ చేయాలని మొదలుపెట్టి, పాత మిల్లు మనిషినని నన్ను పిలిచారు. వాళ్ళలో ఒకడు అన్నాడు, "కాగితం వద్దులే సార్. అరటి నార నీళ్ళకు ఆగదని అప్పుడే తేల్చినారంట గదా, మిల్లులో ఎవరో కెమిస్టు." నా అబద్ధం నాకే తిరిగి వడ్డించారు. ఆ పిల్లవాడి ముఖంలోకి చూడలేకపోయాను. "ఆగుతుంది. పటిక వేస్తే ఆగుతుంది. అప్పుడు వేయలేదు," అన్నాను. ఒకసారి ఆ మాట బయటపడ్డాక మిగతాది లోపల ఉండలేదు.

మామను వెతుక్కుంటూ పోయాను, కలమల్ల పక్కన ఊళ్ళో కూతురి ఇంట్లో ఉన్నాడు. మంచం మీద కూర్చుని ఎండలో కాలు చాపుకుని ఉన్నాడు. నన్ను గుర్తుపట్టాడు. "రాప్పా, కాటుక సార్," అన్నాడు. నేను దాచుకున్న పాత మంచి కాగితం ముక్క తీసి, దాన్ని గిన్నెలాగా మడిచి నీళ్ళు పోశాను. చుక్క కారలేదు. మొత్తం చెప్పాను, చీనీ తోట నుంచి 'రాలదు' దాకా.

ఆయన కాగితం గిన్నె అడుగున వేలు రాసి చూసుకున్నాడు.

"పెద్దాయన మీద నీకు పగుంటే పెద్దాయన కాలు ఇరగ్గొట్టాల్సింది," అన్నాడు. "నా కాలు ఏం జేసినాదప్పా?"

"తప్పు మామా."

"ఈడ నాకొక్కనికి చెప్తే యేమొస్తాది? నేను గీకల్యాని నాకు తెల్దా? తెలియనోళ్ళకు చెప్పు. ఆ జీపోడు అదే మలుపులో హోటలు పెట్టుకోనుండాడు. వాని ముందర చెప్పు. నేనూ వస్తా. వాని మొగం నేను సూడాల." ఆయన కళ్ళలో నాకు బాగా తెలిసినదొకటి కనిపించింది. ఇన్నేళ్ళూ నాలో ఉన్నదే అది. దాన్ని ఆయనలో నాటింది నేను.

మరుసటి ఉదయం ఇద్దరం బస్సు దిగాము. దొడ్డి గోడ లేదు, అక్కడ ఎరువుల దుకాణం ఉంది. ఎదురుగా హోటలు. జీపువాడు ముసలివాడయ్యాడు, బోండాలు తీస్తున్నాడు. గోడ మీద పెద్దాయన ఫోటో, దండ వేసి ఉంది. ఆ ఫోటోకు నేను క్షమాపణ చెప్పలేదు, చెప్పను. ఆ లెక్క నాకూ మా నాయనకూ సంబంధించినది. బెంచీల మీద ఊరివాళ్ళు నిండుగా ఉన్నారు. మామను చూసి ఒకడు పక్కవాడి చెవిలో ఏదో అన్నాడు.

నేను మామ వైపు తిరిగి చేతులు జోడించబోయాను.

"నా పక్క గాదు," అన్నాడు మామ. "ఆ పక్క తిరుగు."

తిరిగాను. జీపువాడు జల్లిగరిటె పట్టుకుని చూస్తున్నాడు. నన్ను పోల్చుకోలేదు.

"నేను కాగితం మిల్లులో ఉన్న సార్‌ని," అన్నాను. "ఆ పొద్దు ఈ కాగితం ఊరికే రాలతాదా అని నన్ను నువ్వు అడిగినావు. రాలదని చెప్పినా. అది అబద్ధం. మీ పెద్దాయన మీద పగతో ఆ కాగితానికి పటిక వెయ్యకుండా చేసింది నేను. గోడ చెమ్మకు అవి జారినాయి, మేకలు తిన్నాయి. ఈ మామ ఎవనికీ అమ్ముడుపోల్యా. పోస్టర్లు గీకల్యా. నేను చేసిన పనికి ఈయన కాలు ఇరిగింది, నా నోట్లో ఉండే మాట నేను చెప్పకపోతే పేరు పోయింది. అందరి ముందర చెప్తాండా, తప్పు నాది. నన్ను మన్నించు మామా."